వరద తీసింది, దగ్గు తగ్గలేదు: పిల్లల ఆరోగ్యంపై మీ ప్రశ్నలు, మా జవాబులు

వరదలు, తుపాన్లు, భూకంపాల వల్ల ఇల్లు విడిచి వెళ్లిన కుటుంబాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో విపత్తు జరిగిన వారం గురించి అడిగినవారు దాదాపు లేరు. ఆరు నెలలకో, ఏడాదికో, రెండేళ్లకో బయటపడిన బాధల గురించే అందరూ అడిగారు. మేం గమనించేదీ అదే. పిల్లల్ని ఎక్కువ కాలం పీడించేవి గాలివానలో తగిలిన దెబ్బలు కావు. ఆ తర్వాత ఆగిపోయిన మందులు, పోయిన కార్డులు, 'కొన్నాళ్లే కదా' అనుకుని ఏళ్ల తరబడి ఉండిపోయిన గదులే వాళ్లని పీడిస్తాయి. పిల్లల డాక్టరు, పోషకాహార నిపుణురాలు, పిల్లల మానసిక వైద్యుడు కలిసి ఈ జవాబులు రాశారు. మందుల మోతాదు పిల్లల బరువును బట్టి మారుతుంది కాబట్టి చాలాచోట్ల దాన్ని రాయలేదు.

ప్రశ్న: మా పాపకి మూడేళ్లు. వరదకి ఇల్లు పోయి తొమ్మిది నెలలైంది. నాలుగు నెలలు శిబిరంలో గడిపి, ఇప్పుడు ఒక గదిలో ఉంటున్నాం. నెలకోసారైనా విరేచనాలు పట్టుకుంటున్నాయి. శిబిరంలో చేతికి టేపు చుట్టి 'పసుపు' అన్నారు. తర్వాత ఎవరూ చూడలేదు. తింటూనే ఉంది, ఒళ్లు మాత్రం చేయడం లేదు. – ఒక తల్లి

జవాబు: ఆ టేపు ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి వాడేది. చేతి చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఎరుపు. అంటే తీవ్రమైన పోషకాహార లోపం, వెంటనే చికిత్స మొదలుపెట్టాలి. 115 నుంచి 125 లోపు పసుపు, ఆపైన ఆకుపచ్చ. పసుపు వచ్చిన పిల్లని రెండు వారాలకోసారైనా మళ్లీ కొలవాలి. నెలల కిందట శిబిరంలో వచ్చిన పసుపుని బట్టి ఇవాళ ఏమీ చెప్పలేం. ఈ వారమే కొలిపించండి.

కొలిచేటప్పుడు తప్పులు ఎక్కువ జరుగుతాయి కాబట్టి మీరూ గమనించండి. ఎడమ చేయి మోచేతి దగ్గర మడిచి, భుజం ఎముక కొసకీ మోచేతి కొసకీ సరిగ్గా మధ్యన గుర్తు పెట్టాలి. తర్వాత చేయి చాపి వదులుగా వేలాడనివ్వాలి. టేపు చర్మానికి ఆనాలి గాని చర్మం ముడతపడేలా బిగించకూడదు. చొక్కా చేయి మీద కొలిచినా, టేపు వదులుగా వేసినా కొలత ఎక్కువ వస్తుంది. ఎరుపు పిల్ల పసుపులోకి జారుకుంటుంది. బిగించి కొలిచే తప్పుకన్నా ఈ తప్పే ప్రమాదం.

దీంతోపాటు రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. రెండు పాదాల్లోనూ గుంట అలాగే నిలిచిపోతే టేపు ఏ రంగు చూపినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నీరు పట్టిన పిల్లలు బొద్దుగా కనిపిస్తారు, త్రాసు మీద బరువూ బాగానే తూగుతారు. ఇంట్లోవాళ్లు మోసపోయేది ఇక్కడే.

టేపు ఇప్పటి సన్నదనాన్ని మాత్రమే చెబుతుంది. నెలల తరబడి జరిగిన నష్టం తెలియాలంటే ఎత్తు కావాలి. రెండేళ్లు దాటిన పిల్లల్ని చెప్పుల్లేకుండా నిలబెట్టి, మడమలు, పిరుదులు, తల వెనకభాగం గోడకి ఆనించి కొలుస్తారు. మూడో పుట్టినరోజు నుంచి నాలుగో పుట్టినరోజు దాకా సుమారు 7 సెంటీమీటర్ల పైచిలుకు పెరగాలి. మూడు నెలల తేడాతో రెండుసార్లు కొలిచినా ఒక సెంటీమీటరు కూడా పెరగలేదంటే ఆలోచించాల్సిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల చార్టులో వయసుకి తగ్గ ఎత్తు మైనస్ 2 గీత కిందకి పడిపోతే దాన్ని గిడసబారడం అంటారు. రెండేళ్ల లోపు గిడసబారితే ఆ లోటు పూర్తిగా పూడ్చడం చాలా కష్టం. మీ పాప వయసులో ఇంకా అవకాశం ఉంది.

'తింటూనే ఉంది' అన్నారు. నమ్ముతున్నాం. మలంతో కలుషితమైన నీళ్లూ మట్టీ రోజూ నోట్లోకి పోతుంటే చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. పోషకాలను పీల్చుకునే సన్నని వేళ్లలాంటి భాగాలు చదునవుతాయి, తిన్నది సరిగా ఒంటబట్టదు. పైగా పేగులో ఎప్పుడూ చిన్నపాటి వాపు ఉంటుంది కాబట్టి పెరగడానికి పనికొచ్చే శక్తి దాంతో పోరాడడానికే ఖర్చవుతుంది. విరేచనాలు లేని రోజుల్లోనూ ఇది జరుగుతూనే ఉంటుంది. అందుకే తిండి ఒక్కటే పెంచి లాభం లేదు, నీళ్లూ మరుగుదొడ్డీ కూడా చూసుకోవాలి.

ముందు నీళ్లు. బురద నీళ్లలో క్లోరిన్ బిళ్ల వేస్తే క్లోరిన్‌ని ఆ బురదే మింగేస్తుంది, క్రిములు మిగిలిపోతాయి. కాబట్టి నీళ్లు తేరనిచ్చి, మడతలు పెట్టిన గుడ్డతో వడగట్టి, ఆ తర్వాతే బిళ్ల వేసి అరగంట ఆగాలి. అప్పుడు కొద్దిగా క్లోరిన్ వాసన రావాలి. పరీక్ష కిట్ ఉంటే లీటరుకి 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. కాచేవాళ్లు నీళ్లు తెర్లడం మొదలయ్యాక నిమిషం పాటు అలాగే తెర్లనివ్వాలి. సముద్రమట్టానికి 2,000 మీటర్లకన్నా ఎత్తున ఉండేవాళ్లు మూడు నిమిషాలు తెర్లనివ్వాలి. ఇంత చేసి వెడల్పు మూతి గిన్నెలో పోసి, చేయి ముంచి గ్లాసుతో తీస్తే పడిన శ్రమంతా వృథా. మూతి సన్నగా ఉన్న డబ్బా గాని, కింద కుళాయి ఉన్నది గాని వాడండి.

విరేచనాలు పట్టుకున్నప్పుడు ఓఆర్ఎస్ పొట్లం మీద ఎన్ని నీళ్లు రాసి ఉందో అన్నీ పోయాలి. లీటరు పొట్లాన్ని గ్లాసులో కలిపితే ఉప్పు శాతం పెరిగి పిల్లకి హాని జరుగుతుంది. మీ పాప వయసుకి ప్రతి విరేచనం తర్వాత 100 నుంచి 200 మిల్లీలీటర్లు పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఈసారి చెంచాతో నెమ్మదిగా పట్టండి. జింకు 10 నుంచి 14 రోజులు ఇవ్వాలి. విరేచనాలు మూడో రోజే ఆగాయని చాలామంది జింకు కూడా ఆపేస్తారు. కోర్సు పూర్తిచేస్తే వచ్చే రెండు మూడు నెలల్లో మళ్లీ విరేచనాలు పట్టుకునే అవకాశం తగ్గుతుంది. మీ పాపకి కావాల్సింది అదే. తగ్గాక రెండు వారాల పాటు రోజూ ఒక పూట తిండి అదనంగా పెట్టండి. అన్నంలోనో జావలోనో ఒక చెంచా నూనె కలిపితే తక్కువ పరిమాణంలోనే ఎక్కువ శక్తి అందుతుంది.

మలంలో రక్తం కనబడినా, విరేచనాలు 14 రోజులు దాటినా ఇంటి చికిత్స చాలదు. నులిపురుగుల మందు ఆరు నెలల్లో వేయించకపోతే అదీ అడగండి. రెండేళ్లు దాటిన పిల్లలకి ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఒక్క మోతాదు సరిపోతుంది.

ప్రశ్న: పునరావాస కాలనీ పక్కనున్న మా బడిలో 60 మంది కొత్త పిల్లలు చేరారు. చాలామంది టీకా కార్డులు నీళ్లలో కొట్టుకుపోయాయి. 'వేయించాం' అని తల్లులు అంటున్నారు. మళ్లీ మొదటి నుంచి వేయాలా? రెండుసార్లు పడితే ప్రమాదమా? – ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: రాతపూర్వకమైన ఆధారం లేకపోతే టీకా పడలేదనే లెక్క. తల్లి మాట మీద అనుమానంతో ఇలా అనడం లేదు. నలుగురు పిల్లల తల్లికి ఏ డోసు ఎవరికి పడిందో గుర్తుండడం కష్టం. అదనంగా ఒక డోసు పడితే సాధారణంగా వచ్చేది కాస్త జ్వరం, చేతి నొప్పి. పడకుండా వదిలేస్తే వచ్చేది తట్టు, కంఠసర్పి, ధనుర్వాతం.

కార్డు ఉండి మధ్యలో ఆగిపోయినవాళ్ల సంగతి వేరు. ఎన్ని నెలలు ఆలస్యమైనా మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆగినచోటి నుంచి కొనసాగించాలి. చాలా టీకాలకి రెండు డోసుల మధ్య కనీసం నాలుగు వారాల ఎడం ఉంటే చాలు. ఒకే రోజు వేర్వేరు చోట్ల రెండు మూడు టీకాలు వేయవచ్చు. 'ఒక్కొక్కటే వేయండి' అని వాయిదా వేస్తే నిర్వాసిత కుటుంబాల పిల్లలు రెండోసారి దొరకరు. అప్పటికి ఇంకోచోటికి వెళ్లిపోయి ఉంటారు. ఏడేళ్లు దాటిన పిల్లలకి చిన్నపిల్లల డీపీటీ వేయరు. పెద్దవాళ్లకి వేసే ధనుర్వాతం, కంఠసర్పి టీకా వేస్తారు.

తట్టు టీకాని మాత్రం అన్నిటికన్నా ముందు పెట్టండి. కిక్కిరిసిన చోట అది అగ్గిలా అంటుకుంటుంది. తట్టు తగ్గిన పిల్లలు కూడా వారాల తరబడి న్యుమోనియా, విరేచనాల బారిన పడుతుంటారు. కంటిచూపూ దెబ్బతినవచ్చు. అందుకే విపత్తు సమయాల్లో 6 నెలల నుంచి 15 ఏళ్ల దాకా అందరికీ వేసే పద్ధతి ఉంది. ఇక్కడొక మెలిక ఉంది. తొమ్మిది నెలలు నిండకముందు వేసిన డోసు లెక్కలోకి రాదు, మామూలు డోసులు మళ్లీ వేయించాలి. 'శిబిరంలో వేశారు కదా' అని ఊరుకున్న తల్లిదండ్రులు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

మీరు బడిలో చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి పిల్లకీ ఒక నోటుపుస్తకం పెట్టండి. పుట్టిన తేదీ, తేదీతో సహా బరువు, ఎత్తు, ఇకమీద పడే ప్రతి టీకా, సరిపడని మందులు, రోజూ వాడాల్సిన మందు పేరూ మోతాదూ అందులో రాయాలి. ఆ పేజీలను ఇంట్లోవాళ్ల ఫోన్లతో ఫోటో తీయించి, మరో ఊళ్లో ఉన్న బంధువులకి పంపించమనండి. మూర్ఛ, ఉబ్బసం, మొదటి రకం మధుమేహం ఉన్న పిల్లల పేర్లు మొదటి రోజే విడిగా రాసుకోండి. మూర్ఛ మందు ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. మొదటి రకం మధుమేహం ఉన్న పిల్లకి అన్నం సరిగా లేని రోజున కూడా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. మోతాదు ఎంత తగ్గించాలో డాక్టరుని అడగాలి. ఫ్రిజ్ లేనిచోట ఇన్సులిన్ సీసాని నీళ్లు తగలకుండా కవరులో కట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో నీడన పెట్టవచ్చు. మంచుగడ్డకి ఆనించి గడ్డకట్టించారంటే ఇక అది పనికిరాదు.

ప్రశ్న: తుపాను తర్వాత మాకు రేకులూ చెక్క పలకలతో కట్టిన తాత్కాలిక ఇల్లు ఇచ్చారు. ఏడాదిన్నరగా అందులోనే ఉన్నాం. మా ఆరేళ్ల బాబుకి రాత్రిళ్లు పిల్లికూతలు, ఎడతెగని దగ్గు. గోడల మూలల్లో నల్లటి బూజు ఉంది. సున్నం వేసినా మళ్లీ వస్తోంది. ఎండ ముదిరితే కళ్లు మండేలా ఘాటు వాసన వస్తుంది. – ఒక తండ్రి

జవాబు: మీరు చెప్పినదాంట్లో రెండు వేర్వేరు కారణాలు కనిపిస్తున్నాయి. రెంటినీ కలిపి చూడకండి.

నలుపు మచ్చలు బూజువి. తడిసిన చెక్క, అట్ట, పరుపు, జిప్సం పలకల్లాంటివి 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. దాని మీద సున్నమో రంగో పూస్తే కనబడకుండా పోతుందే తప్ప చావదు. బ్లీచింగ్ చల్లితే చస్తుంది గాని చచ్చిన బూజు పొడి కూడా ఉబ్బసాన్ని రేపుతుంది. కాబట్టి దాన్ని తొలగించాల్సిందే. లోహం, గాజు, ప్లాస్టిక్ లాంటి గట్టి ఉపరితలాలను సబ్బునీళ్లతో రుద్ది కడిగి పూర్తిగా ఆరనివ్వండి. నీళ్లు పీల్చుకునే పలకలు, పరుపులు, దిళ్లు మాత్రం బాగుపడవు, పారేయక తప్పదు. ముంపు నీళ్లలో నానిన పలకనైతే నీటి మరక పైన ఇంకో 30 సెంటీమీటర్ల దాకా కోసి తీసేయాలి. ఎందుకంటే తడి పైకి పాకి ఉంటుంది. ఈ పని జరిగేటప్పుడు బాబు ఇంట్లో ఉండకూడదు. చేసేవాళ్లు ఎన్95 మాస్కు పెట్టుకోవాలి, గుడ్డ మాస్కు బూజు కణాలను ఆపలేదు. బ్లీచింగ్‌ని అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గాని, బాత్రూం యాసిడ్‌తో గాని కలపవద్దు. విషవాయువు వస్తుంది. నీళ్లు ఎక్కడ కారుతున్నాయో కనిపెట్టి ఆపకపోతే మాత్రం ఇదంతా నెల రోజుల ముచ్చటే.

ఎండకి వచ్చే ఘాటు వాసన బహుశా ఫార్మాల్డిహైడ్‌ది. చెక్కపొట్టుని జిగురుతో అతికించి చేసిన పలకల నుంచి ఈ వాయువు వెలువడుతుంది. వేడి, తేమ పెరిగేకొద్దీ ఎక్కువవుతుంది. అమెరికాలో 2005లో కత్రినా తుపాను తర్వాత నిర్వాసితులకి ఇచ్చిన ట్రైలర్ ఇళ్లలో ఇదే పెద్ద గొడవైంది. అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 519 ట్రైలర్లను పరీక్షించి 2008లో ఫలితాలు చెప్పింది. గాలిలో సగటున వంద కోట్ల భాగాలకి 77 భాగాల ఫార్మాల్డిహైడ్ ఉంది, కొన్నింట్లో 590 దాకా వెళ్లింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటి గాలికి పెట్టిన హద్దు దాదాపు 80. పైగా ఆ పరీక్షలు చలికాలంలో జరిగాయి. వేసవి రాకముందే జనాన్ని అక్కడి నుంచి తరలించాలని కేంద్రం సూచించింది. కొన్ని నెలల కోసం కట్టిన గదిలో పిల్లలు ఏళ్ల తరబడి పడుకోవడమే అసలు సమస్య.

ఇల్లు మారేదాకా ఎదురెదురు కిటికీలు రోజంతా తెరిచి ఉంచండి. మధ్యాహ్నం పైకప్పు మీద నీడ పడే ఏర్పాటు చేయండి. గదిలో వంట, పొగ, సిగరెట్ పూర్తిగా మానాలి. దోమల చుట్టలు కూడా వద్దు, దోమతెర కట్టండి. కొత్త చెక్క పలకల సామాను లోపలికి తేవద్దు. జనరేటరు ఎంత వాన పడుతున్నా ఇంట్లో గాని, కిటికీ పక్కన గాని పెట్టవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక బాబు సంగతి. రెండు వారాలు దాటిన దగ్గు కాబట్టి ముందు క్షయ కాదని తేల్చుకోండి. శిబిరంలో ఎవరైనా క్షయ రోగితో కలిసి ఉన్నారేమో గుర్తు తెచ్చుకుని డాక్టరుకి చెప్పండి. ఉబ్బసమే అని తేలితే రెండు రకాల ఇన్‌హేలర్లు ఇవ్వవచ్చు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు వాడేది. రెండోది బాగున్న రోజున కూడా మానకుండా వాడాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్. 'స్టెరాయిడ్' మాట విని రెండోది మానేసి మొదటిదే పదేపదే కొట్టడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు.

ఆరేళ్ల పిల్లకి ఇన్‌హేలర్ నేరుగా నోట్లో కొడితే మందు గొంతు వెనకే ఆగిపోతుంది. ఇన్‌హేలర్‌కీ నోటికీ మధ్య పెట్టే బోలు గొట్టం, అంటే స్పేసర్, తప్పనిసరి. అది దొరకకపోతే 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ నీళ్ల సీసా చాలు. దక్షిణాఫ్రికాలో పిల్లల మీద పరీక్షిస్తే ఇది కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసింది. సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి పట్టేంత రంధ్రం చేసి, దాన్ని దూర్చి, చుట్టూ గాలి పోకుండా టేపు వేయండి. సబ్బునీళ్లలో ముంచి తీసి, తుడవకుండా ఆరనివ్వండి. తుడిస్తే ప్లాస్టిక్‌లో పుట్టే స్థిర విద్యుత్తుకి మందు గోడలకే అంటుకుంటుంది. ఇన్‌హేలర్ బాగా ఊపి ఒక్కసారి నొక్కాలి. బాబు సీసా మూతి చుట్టూ పెదాలు బిగించి మామూలుగా ఐదారుసార్లు ఊపిరి తీసుకోవాలి. రెండో పఫ్ కావాలంటే మళ్లీ ఊపి, మళ్లీ నొక్కాలి. రెండూ ఒకేసారి నొక్కితే అందే మందు తగ్గుతుంది. స్టెరాయిడ్ తర్వాత నోరు పుక్కిలించాలి.

మాట పూర్తిచేయలేనంత ఆయాసం ఉన్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతున్నా, పెదాలు నీలంగా మారినా దారిలో మందు కొడుతూనే ఆసుపత్రికి పరుగెత్తండి.

ప్రశ్న: భూకంపం వచ్చి పద్నాలుగు నెలలైంది. నా మనవడికి ఎనిమిదేళ్లు. ఇంకా రాత్రి పక్క తడుపుతున్నాడు, లారీ వెళ్లిన చప్పుడికి బయటికి పరుగెత్తుతాడు, బడికి వెళ్లేముందు కడుపునొప్పి అంటాడు. జరిగినదంతా చెప్పించి ఏడిపిస్తే గుండె బరువు దిగుతుందని ఒకరన్నారు. – ఒక అమ్మమ్మ

జవాబు: ఆ పని చేయకండమ్మా. వద్దన్నా జరిగినదంతా ఒక్క విడతలో చెప్పించడం వల్ల మేలు లేదని, కొందరిలో బాధ పెరుగుతుందని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని సిఫారసు చేయదు. తనంతట తాను చెబితే వినండి, అడిగితే నిజం చెప్పండి. 'ఇక భూకంపం రాదు' అని మాట ఇవ్వొద్దు. చిన్న ప్రకంపన వచ్చినా మీ మాట మీద నమ్మకం పోతుంది. 'వస్తే మనం ఇలా చేస్తాం, ఇక్కడ నిలబడతాం' అని చూపించి, ఒకసారి చేయించండి.

మొదటి నెలలో ఇలాంటివి చాలామంది పిల్లల్లో ఉంటాయి, చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి. పద్నాలుగు నెలలకీ తగ్గలేదంటే నిపుణుల దగ్గరికి వెళ్లాల్సిన సమయం వచ్చినట్టే. 1988లో ఆర్మీనియా భూకంపం తర్వాత గ్యుమ్రీ నగరంలో బడుల్లోనే కొంతమంది కౌమార పిల్లలకి కొద్ది విడతల మానసిక చికిత్స ఇచ్చారు. భూకంపం జరిగిన మూడేళ్లకి చూస్తే చికిత్స అందినవాళ్లలో భయం లక్షణాలు తగ్గాయి. అందనివాళ్లలో పెరిగాయి, దిగులు కూడా ముదిరింది. 'కాలమే మాన్పుతుంది' అని ఎదురుచూడడం అందరు పిల్లల విషయంలోనూ పనిచేయదు. మానసిక గాయానికి పిల్లల కోసమే ఉన్న ప్రవర్తనా చికిత్స తెలిసినవాళ్లని అడగండి. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే డయాజిపామ్ లాంటి మాత్రలు దీనికి మందు కావు.

పక్క తడపడం విషయంలో మొదట మూత్ర పరీక్ష చేయించండి. చక్కెర జబ్బు, మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం ఈ మూడింట్లో ఏదున్నా పక్క తడుపుతారు. దాహం ఎక్కువై బరువు తగ్గుతుంటే అదే రోజు చూపించాలి. శిబిరం రోజుల్లో చీకటి, మురికి మరుగుదొడ్డికి భయపడి మలం బిగబట్టడం అలవాటైన పిల్లలు చాలామంది ఉంటారు. పేగు నిండిపోయి మూత్రాశయాన్ని నొక్కుతుంది. మలబద్ధకం తగ్గిస్తేనే కొందరికి పక్క తడపడం ఆగిపోతుంది. పడుకునే ముందు మూత్రానికి పంపండి. తడిపితే తిట్టొద్దు, పదిమందిలో అనొద్దు. పడుకునేముందు వెళ్లొచ్చినందుకు, ఉదయం దుప్పటి తీయడంలో సాయం చేసినందుకు చార్టులో చుక్క పెట్టండి. పొడిగా లేచినందుకే బహుమతి అంటే, తన చేతిలో లేనిదానికి రోజూ ఓడిపోతాడు.

కడుపునొప్పి నిజమే, నటన కాదు. అయినా బడి మాన్పించవద్దు. ఎన్ని రోజులు ఇంట్లో ఉంటే భయం అంత గట్టిపడుతుంది. టీచరుకి చెప్పి, తలుపుకి దగ్గరగా కూర్చోబెట్టమనండి.

ప్రశ్న: శిబిరం పిల్లలు చిక్కిపోతారని విన్నాం. మా కాలనీలో లావెక్కుతున్నారేమిటి? – ఒక స్వచ్ఛంద కార్యకర్త

జవాబు: మీరు పొరబడలేదు. 2011 మార్చి భూకంపం, సునామీ, అణుకేంద్ర ప్రమాదం తర్వాత జపాన్‌లోని ఫుకుషిమాలో సరిగ్గా ఇదే జరిగింది. రేడియేషన్ భయంతో పిల్లల్ని బయట ఆడనివ్వలేదు, దాంతో ఊబకాయం పెరిగింది. ఇరుకు గదులు, ఆటస్థలం లేకపోవడం, పొట్లాల తిండి, తియ్యటి పానీయాలు, చెదిరిన నిద్ర ఇవన్నీ కలిసి పనిచేస్తాయి.

లావుగా ఉన్న పిల్లకి రక్తహీనత ఉండదనుకోకండి. కడుపు నింపే పొట్లాల్లో ఇనుము తక్కువ. రెండు నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి హిమోగ్లోబిన్ 11 గ్రాముల లోపుంటే రక్తహీనతే. మట్టి, సుద్ద తినడం కూడా దాని గుర్తు కావచ్చు. పసితనంలో ఇనుము లోపం చాలాకాలం సాగితే మెదడు ఎదుగుదల మీద పడే దెబ్బ తర్వాత మందులు వాడినా పూర్తిగా పూడకపోవచ్చు. మీ చేతిలో ఉన్న పనులు రెండు. రోజుకి గంట ఆడుకోవడానికి కాపలా ఉన్న ఖాళీ స్థలం చూపించండి. దాతలు ఇచ్చే సరుకుల జాబితాలో బిస్కెట్లు, కూల్‌డ్రింకులు కొట్టేసి పప్పులు, గుడ్లు రాయండి.

ప్రశ్న: తుపాను రోజుల్లో నేను ఐదు నెలల గర్భిణిని. పదిహేను రోజులు కరెంటు లేదు, ఎంతో భయపడ్డాను. ఇప్పుడు బాబుకి ఏడాదిన్నర. నా భయం వాడి మీద పడిందా? – ఒక పాఠకురాలు

జవాబు: 1998 జనవరిలో కెనడాలోని క్యూబెక్‌లో పెద్ద మంచు తుపాను వచ్చింది. కొందరికి వారాల తరబడి కరెంటు లేదు. అప్పటి గర్భిణుల పిల్లల్ని పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. ఎక్కువ కష్టాలు పడిన తల్లుల పిల్లలకి రెండేళ్ల వయసులో మాటలు, ఆలోచనా శక్తి సగటున కొంత తక్కువగా ఉన్నాయి. అది గుంపు మొత్తం మీద తీసిన సగటు, మీ బాబు జాతకం కాదు. ఆ పరిశోధనలో లెక్కకి వచ్చింది కూడా తల్లి భయపడిందా లేదా అన్నది ఒక్కటే కాదు, చీకట్లో గడిపిన రోజుల వంటి కష్టాల పరిమాణమూ అందులో ఉంది. అందులో మీ తప్పేముంది?

ఏడాదిన్నరకి ఆసరా లేకుండా నడవాలి, అర్థమయ్యే మాటలు కొన్నైనా అనాలి, కావాల్సింది వేలితో చూపించాలి, పేరు పెట్టి పిలిస్తే తిరగాలి. ఇవి లేకపోతే 'అబ్బాయిలకి మాటలు ఆలస్యం' అని ఆగకుండా వినికిడి పరీక్షా, ఎదుగుదల పరీక్షా చేయించండి. ఉంటే వాడితో కబుర్లు చెబుతూ ఉండండి.

ప్రశ్న: భూకంపంలో మా అమ్మాయి కాలు మోకాలి కింద తీసేశారు. ఇప్పుడు పదకొండేళ్లు. కృత్రిమ కాలు పెట్టుకుంటే చివర పొడుచుకుంటోందని ఏడుస్తోంది. కాలు సరిగా చేయలేదా? – ఒక తండ్రి

జవాబు: కాలు బాగానే చేసి ఉండవచ్చు, ఎముకే పెరిగి ఉంటుంది. ఎదిగే పిల్లల్లో ఎముక మధ్యలో కోసినచోట కొస సూదిగా పెరుగుతూ లోపలి నుంచి చర్మాన్ని పొడుస్తుంది. పెద్దవాళ్లలో ఇలా జరగదు. అందుకే పిల్లల కేసులు చూడని చోట దీన్ని కనిపెట్టలేకపోతారు. ఎక్స్‌రేలో తెలుస్తుంది. చర్మం చిట్లకముందే ఎముకల డాక్టరుకి చూపించండి. కొందరికి ఆ కొసను శస్త్రచికిత్సతో సరిచేయాలి. ఎదుగుదల ఆగేలోపు మళ్లీ అవసరం పడవచ్చు.

కృత్రిమ కాలు ఒకసారి ఇస్తే అయిపోయేది కాదు. ఐదేళ్ల లోపు ఏటా, 5 నుంచి 12 ఏళ్ల దాకా సుమారు రెండేళ్లకోసారి, ఆ తర్వాత మూడు నాలుగేళ్లకోసారి మార్చాల్సి వస్తుంది. మధ్యలో ప్రతి మూడు నుంచి ఆరు నెలలకి పొడవు, సాకెట్ (మిగిలిన కాలు దూర్చే తొడుగు) బిగువు చూపించాలి. నడుం ఒక పక్కకి ఒరిగితే కాలు పొట్టిదైందని గుర్తు. విరాళంగా కాలు ఇచ్చేవాళ్లని మొదటి రోజే 'తర్వాతివి ఎవరిస్తారు?' అని అడగడం మర్యాద తక్కువేమీ కాదు. శిథిలాల కింద నలిగి అప్పట్లో కిడ్నీలు దెబ్బతిన్నాయని చెప్పి ఉంటే ఏటా బీపీ, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష మానకండి.

ప్రశ్న: శిబిరం నుంచి వచ్చినప్పటి నుంచి ఇంట్లో అందరికీ గజ్జి. మందు రాస్తే తగ్గి మళ్లీ వస్తోంది. దురదే కదా, ఓర్చుకుంటే పోదా? – ఒక తల్లి

జవాబు: దురద పోదు, పైగా గోకినచోట పుండ్లు పడి స్ట్రెప్టోకాకస్ క్రిములు చేరతాయి. అవి కొందరు పిల్లల్లో కొన్ని వారాల తర్వాత కిడ్నీల వాపు తెస్తాయి. ముఖం ఉబ్బినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా వెంటనే చూపించండి.

మళ్లీ రావడానికి కారణం మందు కాదు, రాసే పద్ధతి. 5 శాతం పెర్మెత్రిన్ క్రీము దురద ఉన్నచోటే రాస్తే చాలదు. మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, బొడ్డులో, జననాంగాల మీద కూడా రాయాలి. పసిపిల్లలకి కళ్లు, నోరు వదిలి తలకీ ముఖానికీ కూడా రాయాలి. రెండు నెలల లోపు బిడ్డకి డాక్టరుని అడగాలి. రాత్రి రాసి 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి, మధ్యలో చేతులు కడిగితే చేతులకి మళ్లీ రాయాలి. దురద లేనివాళ్లతో సహా ఇంట్లో అందరూ అదే రాత్రి రాసుకోవాలి. ఒకటి రెండు వారాలకి అందరూ రెండోసారి రాసుకోవాలి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతకాలి. ఉతకలేనివి మూటకట్టి వారం పక్కన పెట్టండి. పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. దాన్ని చూసి రోజూ మందు పూస్తే చర్మం మండి ఇంకా దురద పుడుతుంది.